వారానికి ఒకసారి ఊరు, ఆరుసార్లు పని: పట్నంలో గది ఎక్కడ చూడాలి?

(మా గ్రామీణ విలేకరి)

ఆదివారం సాయంత్రం నార్కట్‌పల్లి అడ్డరోడ్డు వద్ద ఒక గంట నిలబడితే మన నల్లగొండ జిల్లా యువకులు ఎంతమంది పట్నాన్ని నమ్ముకొని బతుకుతున్నారో తెలుస్తుంది. ఒకరి చేతిలో బియ్యం సంచి, ఒకరి చేతిలో పచ్చడి డబ్బా. హైదరాబాద్ బస్సు వచ్చి ఆగీ ఆగకముందే ఎగబడతారు. ఎక్కడ దిగుతావు తమ్మీ అని ఎవరిని అడిగినా దాదాపు ఒకటే జవాబు. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, మహా అయితే దిల్‌సుఖ్‌నగర్. మరి పని ఎక్కడ అంటే మాత్రం పదిమంది పది పేర్లు చెబుతారు. మాదాపూర్, గచ్చిబౌలి, బేగంపేట, కూకట్‌పల్లి, పటాన్‌చెరు!

విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్లకు ఎల్బీనగర్, వరంగల్ రోడ్డు మీద వచ్చేవాళ్లకు ఉప్పల్, సంగారెడ్డి వాళ్లకు లింగంపల్లి. ఊరి బస్సు ఎటు నుండి పట్నంలో ప్రవేశిస్తే అటే మనవాళ్లు గది చూసుకోవడం ఏనాటి నుండో వస్తున్న అలవాటు. అక్కడ మనవాళ్లు ఉంటారు, కిరాణా కొట్టువాడు మన పక్క మండలం వాడు ఉంటాడు, జ్వరం వస్తే గ్లాసుడు గంజి కాచిపోసే చిన్నమ్మ ఉంటుంది. ఈ అలవాటును తప్పు పట్టడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. అయితే దీని వలన మన పిల్లలు ఎంత పోగొట్టుకుంటున్నారో ఎవరూ లెక్క కట్టడం లేదు. ఆ లెక్క పాఠకుల ముందుంచాలని అనిపించింది.

మా మేనల్లుడి సంగతే చెబుతాను. ఐటిఐ ఎలక్ట్రీషియన్ ప్యాసయ్యాడు. హైటెక్ సిటీలో ఒక పెద్ద భవనంలో కరెంటు పనులు చూసే ఉద్యోగం దొరికింది. మా అక్క వాడికి హయత్‌నగర్‌లో గది చూసింది. అద్దె 4,500. బోరబండలో వాడి స్నేహితుడు చూపించిన గది 6,500. "రెండు వేలు మిగులుతయి గద తమ్మీ. మన ఊరి బస్సు గూడ అక్కడనే ఆగుతది" అన్నది అక్క. నాకూ అప్పుడు సబబుగానే తోచింది.

ఇక ఖర్చు చూడండి. హయత్‌నగర్‌కు మెట్రో రైలు లేదు. ఏడెనిమిది కిలోమీటర్లు సిటీ బస్సు మీద ఎల్బీనగర్ చేరాలి. అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, బండి మారి హైటెక్ సిటీకి పోవాలి. 2025 మే నెలలో సవరించిన చార్జీల ప్రకారం మెట్రోలో కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠ చార్జీ 69 రూపాయలు. ఎల్బీనగర్ నుండి అమీర్‌పేట 16 కిలోమీటర్లు, అక్కడి నుండి హైటెక్ సిటీ 10 కిలోమీటర్లు. కనుక గరిష్ఠ చార్జీయే పడుతుంది. పోను 69, రాను 69, రోజుకు 138. నెలకు 26 దినాలు పనికి పోతే 3,588 రూపాయలు. హయత్‌నగర్ బస్సు చార్జీ దీనికి అదనం. 2025 అక్టోబరులో సిటీ బస్సు చార్జీలు కూడా పెరిగాయి. అద్దెలో రెండు వేలు మిగిల్చి, దారిలో మూడున్నర వేలకు పైగా పారబోస్తున్నాడన్న మాట.

డబ్బు ఒక ఎత్తు. కాలం ఒక ఎత్తు. గది తలుపు వేసిన దగ్గర నుండి పని చేసే గేటు దాటే వరకు వాడికి రెండు గంటలు పడుతున్నది. సాయంత్రం మళ్లీ రెండు గంటలు. రోజుకు 4 గంటల చొప్పున 26 రోజులకు 104 గంటలు! ఎనిమిది గంటల కూలి లెక్కన చూస్తే 13 రోజుల పని. నెలలో పదమూడు రోజులు మన పిల్లవాడు ఏ జీతమూ లేకుండా రోడ్డు మీద కూలి చేస్తున్నాడు. "మామా, పొద్దుగాల అయిదింటికి లేస్తున్న. వచ్చి వండుకొని పండేసరికి పదకొండు అయితున్నది. ఎలక్ట్రికల్ లైసెన్స్ పరీక్ష రాద్దామంటే పుస్తకం పట్టినకాడనే నిద్ర వస్తున్నది" అని వాడు ఫోనులో చెప్పిన రోజు నాకు నా పాత రోజులు గుర్తుకు వచ్చాయి.

ఇంటర్ అయ్యాక 2009లో నేనూ పట్నం పోయాను. బేగంపేటలో ఒక కార్యాలయంలో అటెండరు పని. పేరెందుకు లెండి. గది హయత్‌నగర్‌లో. అప్పటికి మెట్రో లేదు. రెండు బస్సులు మారాలి. మూడు రోజులు ఆలస్యమైతే ఒక రోజు జీతం కోసే నియమం అక్కడ ఉండేది. మొదటి రెండు నెలల్లో నాలుగు రోజుల జీతం అలా పోయింది. చివరకు రసూల్‌పురలో ఒక రేకుల గదికి మారాను. సెకండ్ హ్యాండు సైకిలు ఒకటి కొన్నాను. పదిహేను నిమిషాల్లో పనిలో ఉండేవాణ్ణి. గది హయత్‌నగర్ గది కంటే చిన్నది, వానకు కారేది. అయినా ఆ ఏడాదిన్నర నేను సాయంత్రాలు గ్రంథాలయానికి పోయి పత్రికలు చదువుకున్నాను. ఈ విలేకరి పని ఆ చదువు వలననే అబ్బింది. నాయన పోయి సేద్యం చూసుకోవలసి వచ్చినప్పుడు ఊరికి వచ్చేశాను, అది వేరే కథ.

అప్పటికీ ఇప్పటికీ పట్నంలో రాకపోకల సౌకర్యాలు చాలా మారాయి. 2003 ఆగస్టులో ఎంఎంటిఎస్ రైళ్లు వచ్చాయి. 2017 నవంబరులో మియాపూర్ - నాగోలు మధ్య మెట్రో మొదలైంది. 2018 సెప్టెంబరులో అది ఎల్బీనగర్ వరకు, 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు నడిచింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు మరో దారి తెరిచారు. ఇప్పుడు మూడు దారులూ కలిసి దాదాపు 69 కిలోమీటర్లు. ఇన్ని వచ్చినా మనవాళ్లు గది వెతికే పద్ధతి మాత్రం మారలేదు. ఊరి బస్సు ఎక్కడ దింపితే అక్కడే.

ఊరికి మనం వారానికి ఒకసారి వస్తాము. పనికి వారానికి ఆరుసార్లు పోతాము. ఆరుసార్లు పోయే దారిని వదిలి ఒకసారి వచ్చే దారిని బట్టి గది చూసుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. బోరబండలో ఉన్న పిల్లవాడు శనివారం రాత్రి ఊరికి రావడానికి ఒక గంట ఎక్కువ పట్టవచ్చు. పట్టనీయండి.

బోరబండ పేరు ఎందుకు చెబుతున్నానంటే, హైటెక్ సిటీలో పని ఉన్నవాడికి అక్కడ రెండు దారులున్నాయి. ఎంఎంటిఎస్‌లో బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. కనీస చార్జీ 5 రూపాయలు. అయితే రైళ్లు తరచుగా ఉండవు. ఒకటి తప్పితే చాలాసేపు కాచుకోవాలి. దిగిన తర్వాత కూడా కార్యాలయాలు స్టేషనుకు ఆనుకొని లేవు, మళ్లీ నడకో ఆటోనో తప్పదు. కనుక రెండవ దారే మేలని నా అభిప్రాయం. అదే సైకిలు. పర్వత్‌నగర్ మీదుగా పోతే ఐదారు కిలోమీటర్లు. మన పల్లెలో హైస్కూలుకు అంతదూరం సైకిలు తొక్కని వాళ్లున్నారా?

సైకిలు అనగానే పిల్లలు ముఖం చిట్లిస్తున్నారు. పట్నంలో సైకిలు తొక్కితే నామోషీ అట! అదే పట్నంలో కారున్న పెద్దమనుషులు ఆదివారం ఉదయం టోపీలు పెట్టుకొని వేల రూపాయల సైకిళ్లు తొక్కుతున్నారు. వారి కోసమే అన్నట్లు 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి పైన సౌర విద్యుత్ పలకలు కప్పారు. మంచిదే. ఎండా వానా తగలదు. కానీ రోజూ సైకిలు మీద పనికి పోయే కాపలాదారు, తోటమాలి, హోటలు కుర్రవాడు ఉండే బస్తీల నుండి ఆ బాటకు పోవడానికి బాట లేదు. బోరబండలోను, యూసుఫ్‌గూడలోను, రసూల్‌పురలోను మనిషి పక్కనుండి లారీ పోతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తొక్కవలసిందే. ఈ సంగతి దాచి సైకిలు కొనుక్కోమని చెప్పడం న్యాయం కాదు.

అందుచేత సైకిలు మీద పోదలచినవారు గది చూసే ముందు ఆ దారిని ఒకసారి స్వయంగా తొక్కి చూడాలి. హైదరాబాద్ మన వరి మడుల వంటి చదును నేల కాదు, రాతి గుట్టల మీద కట్టిన ఊరు. యూసుఫ్‌గూడ నుండి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎక్కాలంటే దూరం తక్కువే కాని ఎత్తు ఎక్కువ. ఎండాకాలంలో డ్యూటీకి చేరేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది. ఫ్లై ఓవర్లు మరో ఇబ్బంది. ఔటర్ రింగురోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, పక్కనున్న సర్వీసు రోడ్డు మీదనే పోవాలి. మ్యాపులో చూసి దూరం కొలిచి నమ్మితే మోసపోతారు. నాలుగైదు కిలోమీటర్లలోపు, పెద్ద ఫ్లై ఓవర్ ఎక్కనక్కర లేకుండా, బస్తీల గుండా పోయే దారి దొరికితే సైకిలు బంగారం. లేకపోతే మెట్రో స్టేషను వరకు సైకిలు, అక్కడి నుండి రైలు అన్నది రెండో ఉపాయం.

కాని స్టేషను దగ్గర సైకిలు పెట్టడం ఎట్లా? ఒకప్పుడు ఏ సినిమా హాలుకు పోయినా, ఏ బస్టాండుకు పోయినా సైకిలు స్టాండు ఉండేది. రేకు బిళ్ల ఒకటి చేతిలో పెట్టి, దాని జత హ్యాండిలుకు తగిలించేవారు. సాయంత్రం వచ్చేసరికి సైకిలు ఉన్నచోటే ఉండేది. కోట్లు పెట్టి కట్టిన మెట్రో స్టేషన్ల కింద అటువంటి స్టాండు ప్రతిచోటా పెట్టడానికి ఏమంత ఖర్చు? 2024లో నాగోలు స్టేషను దగ్గర మోటారు బండ్ల పార్కింగుకు రుసుము పెడతామంటే ప్రయాణికులు రోడ్డెక్కారు. సైకిలు వాడి తరఫున రోడ్డెక్కేవారు ఎవరూ లేరు. సంబంధిత అధికారులు ఈ విషయమై ఆలోచించడం అవసరం.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను, పట్నంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకుంటే చాలు. ఈ పేరులోని మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సే, మెట్రో రైలు కాదు. రైల్లో ఆడవాళ్లకూ చార్జీ తప్పదు. మా ఊరి ఒకావిడ ఆ పేరు చూసి రైలు స్టేషనులో ఆధార్ కార్డు చూపించి తిరిగి వచ్చింది. కనుక ఆస్పత్రుల్లో, దుకాణాల్లో, ఇళ్లలో పని చేసే స్త్రీలకు మెట్రో స్టేషను దగ్గర ఎక్కువ అద్దె పెట్టి గది తీసుకోవలసిన పని లేదు. మారకుండా ఒకే బస్సులో పని దగ్గర దిగే వీలున్న చోటు చూసుకోవాలి. నెలకు రెండు మూడు వేలు చేతిలో మిగిలే మార్గం అదే.

ఉచితం అయ్యాక బస్సుల్లో రద్దీ పెరిగిన మాట వాస్తవం. మధ్యలో ఎక్కేవారికి కాలు మోపే చోటు ఉండదు. అందుకని బస్సు బయలుదేరే చోటికి దగ్గరగా గది ఉంటే సీటు దొరుకుతుంది. కోఠి, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్, మెహిదీపట్నం, పటాన్‌చెరు అటువంటి చోట్లు. ఈ లెక్కలో మన హయత్‌నగర్‌కు కూడా మంచి మార్కులే వస్తాయి, అక్కడ డిపోలున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోఠిలోనో పని ఉన్న స్త్రీకి హయత్‌నగర్ గది మంచిదే. బస్సు దిగిన చోటి నుండి గది ఎంత దూరం, రాత్రి తొమ్మిదింటికి ఆ సందులో దీపాలు వెలుగుతాయా లేదా, ఈ రెండూ రాత్రి పూట పోయి చూసుకొని మరీ బయానా ఇవ్వాలి. పగలు చూపించి అద్దెకిచ్చే ఇళ్లవాళ్లకు సందులో చీకటి సంగతి చెప్పే తీరిక ఉండదు.

ఎల్బీనగర్ చుట్టుపక్కల ఉన్నవారికి మరో సౌకర్యం 300 నంబరు బస్సు. ఉప్పల్ వైపు నుండి ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా మెహిదీపట్నం పోతుంది. ఆ దారిలో మెట్రో లేదు కాబట్టి అటు పని దొరికినవారికి ఇదే ఆధారం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో చేరినవారు మాత్రం మన వైపు గది ఆలోచనే మానుకోవాలి. లింగంపల్లి, చందానగర్ వైపు ఉంటే 218 నంబరు బస్సుంది, లింగంపల్లి నుండి ఎంఎంటిఎస్ కూడా ఉంది. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పని ఉన్నవారికి మెట్రో రాయదుర్గంతోనే ఆగిపోతుంది. అక్కడి నుండి బస్సో షేర్ ఆటోనో. వారికి గౌలిదొడ్డి, గోపన్‌పల్లి వైపు గదులే నయం. గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు అశోక్‌నగర్, చిక్కడపల్లిలోనే ఉంటున్నారు. గ్రంథాలయం నడిచిపోయే దూరం, ఆ విషయంలో వారు మనకంటే తెలివైనవారు.

రాత్రి డ్యూటీల వాళ్లను మరవరాదు. మెట్రో ఉదయం 6 గంటలకు మొదలై రాత్రి 11 గంటలకు ఆగిపోతుంది. కాపలా పనివారికి, ఆస్పత్రి వార్డుబాయిలకు, హోటళ్లలో చేసేవారికి రాత్రి ఒంటిగంటకు సెలవు దొరుకుతుంది. ఆ వేళ ఆటోవాడు అడిగిందే రేటు. వాళ్లకు నడిచిపోగలిగే దూరంలోనో, సైకిలు దూరంలోనో గది లేకపోతే గత్యంతరం మోటారు సైకిలే. అదే జరుగుతున్నది. అద్దె తక్కువని దూరాన గది, దూరం కనుక వాయిదాల మీద బండి, బండికి నెలనెలా కిస్తీ, రోజూ పెట్రోలు.

మా ఊరి కుర్రవాడు ఒకడు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర గది తీసుకొని మాదాపూర్ వరకు బండి మీద తిరిగేవాడు. పోయిన వానాకాలంలో రెండు డ్యూటీలు చేసి తెల్లవారుజామున వస్తూ జారిపడ్డాడు. తొడలో రాడ్డు వేశారు. ఇంట్లో రెండు పాడి గేదెలుంటే ఒకటి అమ్మారు. వాడి తల్లి ఇప్పటికీ బండిని తిడుతున్నది. నాకైతే బండి కంటే ముందు గదినే తిట్టాలనిపిస్తుంది. ఆ పిల్లవాడు అంత దూరాన ఉండవలసిన పనే లేదు. అతడి జీతంలో కిస్తీ, పెట్రోలు కలిపితే మాదాపూర్ పక్కనే ఇద్దరు కలిసి ఉండే గది వచ్చేది.

ఇంకొక హెచ్చరిక. హయత్‌నగర్ వరకు మెట్రో పొడిగిస్తారని ప్రతిపాదన ఉంది. దానిని చూపి అటువైపు ప్లాట్లు అమ్మేవారు, గదులు అద్దెకిచ్చేవారు ఇప్పటినుండే రేటు పెంచుతున్నారు. రైలు వచ్చినప్పుడు వస్తుంది. గది తీసుకునేవాడు ఈ రోజు పట్టాల మీద నడుస్తున్న బండిని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు వేయవలసిన మెట్రో మొదటి నుండీ పథకంలో ఉన్నదే. ఆ పక్క దారి 2020లో తెరిచినా పాతబస్తీ ప్రజలు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చేయవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం పోయి గది చూసి రావద్దు. ఆదివారం రోడ్లు ఖాళీగా ఉంటాయి, పట్నమంతా అరచేతిలో ఉన్నట్లు కనబడుతుంది. సోమవారం ఉదయం పిల్లవాడు డ్యూటీకి పోవలసిన సమయానికే ఆ గది ముందు నుండి బయలుదేరి, పని చోటు వరకు వాడితో పాటు పోయి చూడండి. గడియారం చూసుకోండి. అమీర్‌పేటలో తొమ్మిదిన్నరకు బండి మారడమంటే ఏమిటో మీకే అర్థమవుతుంది. మా అక్కను నేను అట్లాగే తీసుకుపోయాను. అమీర్‌పేట మెట్ల మీద జనం తోసుకుంటూ ఉంటే నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "వీడు రోజు ఇట్లనే వోతున్నడా" అన్నది. మళ్లీ హయత్‌నగర్ వరకు ఏమీ మాట్లాడలేదు.

పోయిన వారం బోరబండలో ఆ 6,500 గది ఇంకా ఖాళీగానే ఉందేమో కనుక్కోమని ఫోను చేసింది. అది పోయింది. పక్క సందులో మరొకటి ఉంది, 6,800 అంటున్నారు. రెండు నెలల అడ్వాన్సు. మేడ మీద గది. మెట్ల కింద సైకిలు పెట్టుకోనిస్తారా అని అడిగితే ఇంటాయన భార్యను అడిగి చెబుతానన్నాడు. ఈ సోమవారం మా మేనల్లుడు, నేను పోయి ఆ మాట తేల్చుకొని రావాలి. మా ఇంట్లో అటక మీద నా పాత సైకిలు ఉంది. ట్యూబులు మార్చి, చైనుకు నూనె వేస్తే నడుస్తుంది. బస్సు పైన వేయడానికి కండక్టరు లగేజీ టికెట్టు ఎంత కొడతాడో చూడాలి.